జలగండానికి 250 పదాలు

“అక్కా, 250 పదాలే ఇచ్చారండి. మా ఊరి కాలవే ఇందులో పట్టట్లేదు.”

మొన్న రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి కింది ఫ్లోర్ తమ్ముడు అన్న మాట ఇది. కోనసీమ కుర్రాడు. పగలు పబ్లిక్ హెల్త్‌లో పీజీ, సాయంత్రం మైత్రివనం దగ్గర డేటా అనలిటిక్స్ క్లాసు. అమీర్‌పేటలో గది తీసుకుని ఏ కోర్సులోనూ చేరకుండా ఉండటం ఎవరి వల్లా కాదు లెండి! నీట మునిగి చనిపోవడాన్ని ఎలా ఆపాలనే విషయం మీద విదేశంలో ఒక సదస్సు జరుగుతోందట. దానికి అబ్‌స్ట్రాక్ట్ పంపాలి. గడువు నాలుగు రోజులు.

నేను డాక్టర్ని కాదు. వేరేవాళ్ళు రాసినవాటిలో అక్కర్లేని మాటలు కత్తిరించడం నా ఉద్యోగం. అందుకే నా దగ్గరికొచ్చాడు. ఆ 250 పదాల వెంట నాలుగు రోజులు తిరిగాక తెలిసిన సంగతులు మీకూ పనికొస్తాయనిపించి, ఈ వారం అవే రాస్తున్నా.

మొదటి వాక్యం ఎగిరిపోయింది

అతను రాసుకొచ్చిన మొదటి వాక్యం ఇదీ: “నీరు ప్రాణాధారం, కానీ అదే నీరు ఒక్కోసారి మృత్యువుగా మారుతుంది.”

బడిలో వ్యాసరచన పోటీకైతే ప్రైజు వచ్చేది. ఇక్కడ పనికిరాదు. నీళ్ళతో ప్రమాదమని తెలిసే కదా వాళ్ళు సదస్సు పెట్టింది! చదివేవాళ్ళ ముందు ఇలాంటివి గుట్టలుగా ఉంటాయి. వాళ్ళకి కావాల్సినవి నాలుగే ముక్కలు. సమస్య ఏంటి, నువ్వేం చేశావ్, నీకేం దొరికింది, దాంతో ఇప్పుడేం చేయాలి. నేపథ్యం, పద్ధతి, ఫలితాలు, ముగింపు అని వాటికి పేర్లు పెడతారంతే.

మరి మొదటి వాక్యంలో ఏముండాలి? అంకె ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో నీటి మునకల మీద ఒక నివేదిక విడుదల చేసింది. దాని ప్రకారం 2021లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 3 లక్షల మంది ఇలా పోయారు. వాళ్ళలో ఇంచుమించు పావు వంతు ఐదేళ్ళలోపు పిల్లలు. మన దేశం సంగతి చూస్తే, నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో 2022 లెక్కలో ఈ మరణాలు 38 వేలు దాటాయి. రోజుకి వందకు పైగా అన్నమాట. రెండు బస్సుల సీట్లు నిండేంత మంది, ప్రతి రోజూ.

రెండు బస్సులు లోయలో పడితే దేశమంతా వారం రోజులు మాట్లాడుకుంటుంది. మరి దీని గురించి ఎందుకు మాట్లాడుకోం? ఇదే మాట అడిగితే తమ్ముడు ఠక్కున అన్నాడు: “దీన్ని గండం అంటారు కదండీ!”

గండం అనేస్తే అయిపోయింది

తమ్ముడికి చిన్నప్పుడు జాతకం చూసినాయన జలగండం ఉందని చెప్పారట. ఇంటి వెనకే పంట కాలవ. అయినా వాళ్ళమ్మ రేవు మెట్టు దిగనివ్వలేదు, ఈత నేర్చుకోనివ్వలేదు. పక్కింటి స్నేహితుడి జాతకంలో మాత్రం ఏ గండమూ లేదు. ఆరో తరగతి అయిపోయిన వేసవిలో అదే రేవులో కాలు జారి ఆ పిల్లాడు పోయాడు. “వాడికి అంతే రాసిపెట్టుంది” అంది ఊరు. పదో రోజుకల్లా అందరూ అదే రేవులో మళ్ళీ బట్టలు ఉతుక్కున్నారు. మెట్లు అవే, పాచి అదే.

గండం అనే మాట మనల్ని రెండు సార్లు ముంచుతుంది చూడండి. ఉందని చెప్తే పిల్లల్ని నీళ్ళకి దూరంగా పెంచుతాం. ఈత రాదు కాబట్టి ఏదో ఒక రోజు అది నిజంగానే గండమవుతుంది. ఎవరైనా పోయాక చెప్తే ఇంక కారణం వెతకం. మెట్లు ఎందుకు జారాయి, గట్టుకి కంచె ఎందుకు లేదు, ఆ టైంలో పిల్లాణ్ణి చూసుకోవాల్సింది ఎవరు అని ఒక్కరూ అడగరు.

మా అమీర్‌పేట పక్కనే బల్కంపేట ఎల్లమ్మ గుడి ఉంది. బావిలో వెలసిన తల్లి. విగ్రహం నేలమట్టానికి పదడుగుల లోతున ఉంటుంది. ఆషాఢంలో కల్యాణం జరిగితే మా రోడ్లన్నీ జనమే. అక్కడి నీళ్ళని తీర్థంగా ఇంటికి పట్టుకెళ్తారు. నీళ్ళంటే మనకి భక్తి ఉంది, భయమూ ఉంది. లెక్క మాత్రం లేదు. అబ్‌స్ట్రాక్ట్ అడిగేది ఆ లెక్కనే.

పంజాగుట్ట దాకా నడక

రెండో రోజు ‘పద్ధతి’ దగ్గర ఆగిపోయాం. మాట్లాడుకుంటూ మెట్రో పిల్లర్ల పక్కనే నడిచి పంజాగుట్ట చేరాం. నిమ్స్ దగ్గర టీ తాగుతూ, లోపలికెళ్తున్న అంబులెన్సుల్ని చూసి నేనో సలహా పడేశా: “ఇలాంటి పెద్దాస్పత్రుల రికార్డులు అడిగితే సరిపోదా?”

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. “యాక్సిడెంటయినోళ్ళు, గుండెపోటొచ్చినోళ్ళు ఆస్పత్రి దాకా వస్తారండి. కాలవలో పడ్డోళ్ళు చాలామంది గట్టు మీదే పోతారు. ఆస్పత్రి లెక్క తీస్తే బతికే ఛాన్సున్నోళ్ళే కనపడతారక్కా.”

నిజమే కదా. ఊపిరాడకపోతే నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది. పొలం గట్టు నుంచి పెద్దాస్పత్రికి అంత టైం ఎక్కడిది?

రెండో దారి పోలీసు రికార్డులు. అనుమానాస్పద మరణం అయితే శవ పంచనామా చేస్తారు. ఎన్నో ఏళ్ళుగా మనం విన్న ‘174 కింద కేసు’ అదే. 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 194వ సెక్షన్ అయింది. అయితే ప్రతి చావూ స్టేషన్ దాకా వెళ్ళదు. ఇంటి పెరట్లో పసివాడు పోతే చాలా ఊళ్ళలో ఏడ్చి, పూడ్చి ఊరుకుంటారు.

మూడోది పత్రికలు. తమ్ముడు చేసింది అదే. మూడు వేసవుల జిల్లా పేజీలు తిరగేసి, నీట మునిగిన ప్రతి వార్తనీ షీట్‌లోకి ఎక్కించాడు. వయసు, చోటు, టైం, పక్కన ఎవరున్నారు, ఏం చేస్తుండగా జరిగింది, అన్నీ. చేస్తున్నకొద్దీ పత్రికల లోపం కూడా బయటపడింది. నలుగురు స్నేహితులు కలిసి పోతే మొదటి పేజీ. ఒంటరి రైతు మోటారు దగ్గర జారి బావిలో పడితే లోపలి పేజీలో నాలుగు లైన్లు. రెండేళ్ళ పాప నీళ్ళ డ్రమ్ములో పడితే అదీ ఉండకపోవచ్చు. ప్రపంచ లెక్కలో పావు వంతు ఉన్న పసివాళ్ళు మన వార్తల్లోంచి ఇలా జారిపోతారు.

“మరి నీ లెక్కే తప్పు కదా?” అన్నా. “తప్పు కాదండి, తక్కువ. ఆ సంగతి కూడా అబ్‌స్ట్రాక్ట్‌లో రాయాలి” అన్నాడు. ఆ ఒక్క వాక్యానికి 18 పదాలు పోయాయి. ఎంత అడిగినా అతను దాన్ని కత్తిరించనివ్వలేదు. అదే కరెక్ట్ కూడా.

మాట ఒకటే, కారణాలు వేరు

మూడో రోజు షీట్‌లో ఒక కాలమ్ దగ్గర గొడవైంది. దాని పేరు ‘కారణం’. తమ్ముడి స్నేహితుడొకడు సాయం చేస్తానని కూర్చుని వరసపెట్టి ‘ఈత రాకపోవడం’ అని నింపేశాడు. మనందరం అనే మాట కూడా అదే. నిజమేనా? మనకి తెలిసిన సంఘటనలే తీసుకుందాం.

2014 జూన్ 8. హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థుల మీదికి లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన టూర్ ఆపరేటర్ కొట్టుకుపోయారు. ఆ వరదలో గజ ఈతగాడు మాత్రం ఏం చేస్తాడు? అక్కడ కావాల్సింది గేట్లు ఎత్తే ముందు అందరికీ వినపడే హెచ్చరిక.

2019 సెప్టెంబరు 15. పాపికొండలకి బయల్దేరిన టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. బోటుని బయటికి తీయడానికే 38 రోజులు పట్టింది. అక్కడ ప్రశ్న వరద ఉధృతిలో బోటుకి అనుమతి గురించి, ఒంటి మీద లైఫ్ జాకెట్ గురించి.

2025 జనవరి 11. సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌కి హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఏడుగురు కుర్రాళ్ళలో ఐదుగురు తిరిగి రాలేదు. రిజర్వాయర్ అంచు చూడటానికి చెరువు గట్టులాగే ఉంటుంది. లోపల రెండడుగులు వేస్తే లోతు తెలియదు.

ఇక మన సిటీలో చూడండి. మూత సరిగ్గా లేని సంపు, వానకి నిండిన సెల్లార్ గుంత, రోడ్డేదో నాలా ఏదో తెలియని వాననీళ్ళు. గట్టి వాన పడితే మైత్రివనం ముందు రోడ్డు ఎలా ఉంటుందో అమీర్‌పేటలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. సంపులో పడిన రెండేళ్ళ పిల్లకి ఈత రాలేదని రాస్తామా? అక్కడ లేనిది మూత.

ఈ నాలుగూ వార్తల్లో ‘నీట మునిగి మృతి’ అనే వస్తాయి. లెక్కల్లోకి వచ్చేసరికి మాత్రం విడిపోతాయి. క్రైమ్ రికార్డ్స్ బ్యూరో పడవ బోల్తా పడితే ఒక గడిలో, పొరపాటున నీళ్ళలో పడితే ఇంకో గడిలో, మిగతావన్నీ ‘ఇతర’ అనే మూడో గడిలో వేస్తుంది. వరద చావులు ప్రకృతి వైపరీత్యాల పట్టికలోకి వెళ్ళిపోతాయి. ఆస్పత్రులు వాడే అంతర్జాతీయ కోడ్‌లలో స్విమ్మింగ్ పూల్‌కి వేరే నంబర్లున్నాయి, బాత్‌టబ్‌కీ ఉన్నాయి. మన దిగుడు బావికి, మోటబావికి, క్వారీ గుంతకి, సంపుకి సొంత నంబర్లు లేవు. ప్రపంచ లెక్కల్లో సాధారణంగా పడవ ప్రమాదాలనీ వరదలనీ కలపరు కూడా. అంటే కచ్చులూరు లాంటివి ఆ 3 లక్షలకి బయటే ఉంటాయన్నమాట.

ఇంకో చిక్కు ఉంది. మన భాషలో ‘మునిగిపోయాడు’ అంటే చనిపోయాడనే అర్థం. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో నిపుణులు వేరే నిర్వచనం ఇచ్చారు. ద్రవంలో మునగడం వల్ల ఊపిరికి అడ్డు తగిలే ప్రక్రియ అంతా మునకే. ఆ మనిషి చనిపోవచ్చు, ఆరోగ్యం దెబ్బతినొచ్చు, క్షేమంగా బయటపడొచ్చు కూడా. అలా చూస్తే, ఎవరో జుట్టు పట్టి లాగితే బతికి ఇంటికొచ్చి తిట్లు తిన్న పిల్లాడు కూడా లెక్కలోకి రావాలి. మనమైతే వాణ్ణి లెక్కేయం, మొక్కు తీర్చుకుంటాం.

చివరికి తమ్ముడు ఆ కాలమ్ పేరు తీసేసి మూడు కాలమ్‌లు చేశాడు. ఎక్కడ, ఏం చేస్తుండగా, అక్కడ ఏముంటే ఆగేది. ఆ మూడోది నింపడానికే రాత్రంతా పట్టింది.

“వివరాలు సదస్సులో చెప్తాం”

ఫలితాల దగ్గర చాలామంది చేసే తప్పు ఇది. టైం లేక ‘పూర్తి వివరాలు సదస్సులో తెలియజేస్తాం’ అని రాసి పంపేస్తారు. అలాంటివి తిరగ్గొట్టే అవకాశమే ఎక్కువ. చేతిలో ఉన్న అంకె చిన్నదైనా అదే రాయాలి. శాతం ఒక్కటే రాయకూడదు, ఎంతమందిలో ఎంతమందో చెప్పాలి. లక్ష జనాభాకి ఇన్ని అని రాయాలంటే కింద జనాభా లెక్క కావాలి. 2011 తర్వాతి జనగణన అంకెలు లేక పాతదాన్నే వాడాల్సి వచ్చింది. ఆ సంగతీ రాయాలి.

చనిపోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళు రాయకూడదు. పత్రికలో వచ్చిందే కదా అనుకోకండి. ఆ ఇంట్లోవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలా అనేది ముందే గైడ్‌ని అడిగి పెట్టుకోండి. గడువు రాత్రి 11:59 అని ఉంటే ఏ దేశపు 11:59 అనేది చూసుకోండి. తమ్ముడు మన టైం అనుకున్నాడు. చూస్తే సదస్సు జరిగే దేశం టైం. కొన్ని గంటలు తగ్గిపోయాయి.

అతని అంకెలు ఇక్కడ చెప్పను. అవి ఇంకా సదస్సువాళ్ళ చేతిలో ఉన్నాయి, పైగా అది అతని కష్టం.

ముగింపులో ఒక్క పని

నాలుగో రోజు ముగింపు. మొదట రాసింది: “ప్రజల్లో అవగాహన పెంచాలి.” ఎవరు, ఎక్కడ, ఎలా అని లేకపోతే ఆ వాక్యం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పనులు చాలా మామూలువి. నీళ్ళకి అడ్డు కట్టండి. బడికి వెళ్ళని పసివాళ్ళని పెద్దలు పనిలో ఉండే వేళల్లో చూసుకునే చోటు పెట్టండి. బడి పిల్లలకి ఈత, నీటి దగ్గర జాగ్రత్తలు నేర్పండి. చుట్టూ ఉన్నవాళ్ళకి కాపాడటం, ఊపిరి అందించడం నేర్పండి. పడవలకి రూల్స్ పెట్టి అమలు చేయండి. వరదకి ముందే సిద్ధపడండి. బంగ్లాదేశ్ పల్లెల్లో ‘ఆంచల్’ పేరుతో పొద్దుటి పూట పసివాళ్ళని చూసుకునే కేంద్రాలు నడుపుతున్నారు. తల్లి వంటలో, తండ్రి పొలంలో ఉండే గంటలవి. మన అంగన్‌వాడీ లాంటిదే. ఆ గంటల్లో చూసేవాళ్ళుంటే పిల్లల చావులు తగ్గుతాయని అక్కడ తేలింది.

2021లో ఐక్యరాజ్యసమితి జులై 25ని నీటి మునకల నివారణ దినంగా ప్రకటించింది. 2023 డిసెంబరులో మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా దీనికో ప్రణాళిక విడుదల చేసింది. గండం అని వదిలేసిన విషయం ఇప్పుడు ప్రభుత్వ కాగితం మీదికి వచ్చింది. ఇక రావాల్సింది రేవు మెట్ల మీదికి.

తమ్ముడి చివరి వాక్యం నేను రాయలేదు, దిద్దలేదు కూడా. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: “ఇంటికి దగ్గర్లో ఉన్న కాలవ రేవులకి, పసిపిల్లలు తీయలేని తలుపు పెట్టడంతో మొదలుపెట్టాలి.” అంతే.

వీకెండ్ ట్రిప్‌కి ముందు ఇవి చదవండి

అబ్‌స్ట్రాక్ట్ రాసేవాళ్ళు మీలో కొద్దిమందే ఉంటారు. నీళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళు మాత్రం అందరూ. అందుకని ఈ నాలుగు మాటలు.

మునిగేవాళ్ళు సినిమాలోలా కేకలు వేయరు. ఊపిరికే టైం చాలదు, ఇంక అరుపెక్కడిది? నోరు నీటి అంచున, తల వెనక్కి వాలి, చడీచప్పుడు లేకుండా ఉంటే అనుమానించండి.

ఒకరు జారితే మిగతావాళ్ళు దూకేయకండి. ఒక్క ఫొటో వెనక నాలుగైదు చావులు చాలాసార్లు ఇలాగే జరుగుతాయి. గట్టు మీదే ఉండి కర్ర, చున్నీ, తాడు అందించండి. హాస్టళ్ళలో కనిపించే 20 లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్‌కి మూత బిగించి విసిరితే అదే తేలుతుంది, పట్టుకుని ఉండొచ్చు. 2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర ముగ్గురు మహిళలు తమ చీరలు విసిరి ఇద్దరు కుర్రాళ్ళని బయటికి లాగారు.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయించండి. ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి. నీట మునిగినవాళ్ళలో ముందు అయిపోయేది ఆక్సిజన్ కాబట్టి ఛాతీ నొక్కడంతో పాటు నోటితో ఊపిరి ఊదడం కూడా ముఖ్యం. ఒక్క పూట శిక్షణ తీసుకుంటే వస్తుంది.

శవాన్ని ఉప్పులో పెడితే బతుకుతారని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. పచ్చి అబద్ధం. అది నమ్మి గంటలు గంటలు ఆశగా కూర్చున్న తల్లిదండ్రులున్నారు. మీ గ్రూపులోకి వస్తే అక్కడే ఆపేయండి.

ఆ రాత్రి గడువుకి ఇరవై నిమిషాల ముందు తమ్ముడు సబ్మిట్ నొక్కాడు. పదాలు 248. ఇంకా జవాబు రాలేదు. నొక్కిన వెంటనే వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. ఆ టైంలో ఫోనొస్తే ఏ తల్లైనా కంగారు పడుతుంది కదా. “ఏం లేదమ్మా. అక్క కూతురు నడుస్తోంది కదా ఇప్పుడు... మన రేవు మెట్ల దగ్గర తడిక కట్టించవా?” అన్నాడు. ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో చనిపోయిన స్నేహితుడి పేరు ఒక్కసారి వినపడింది.

నిన్న మెట్లెక్కుతూ ఎదురుపడి ఫోన్ చూపించాడు. కాలవ రేవు, దానికి అడ్డంగా కొత్త వెదురు తడిక, పైన గొళ్ళెం. ఇవతల వైపు, తడిక పట్టుకుని, ఏడాదిన్నర పిల్ల.

“ఇది అబ్‌స్ట్రాక్ట్‌లో పెట్టలేదేంటి?” అన్నా నవ్వుతూ.

“అప్పటికి ఫలితం రాలేదు కదండక్కా” అన్నాడు.

వచ్చే ఆదివారం నుంచి ఈత క్లాసుకి కూడా వెళ్తున్నాడట. ఇరవై నాలుగేళ్ళకి.